పది గంటల ఎండలో, వాన చుక్క లేకుండా, తూర్పున అడ్డంగా రంగుల పట్టీ. గ్రాఫిక్స్ అని డబ్బులు ఆపేశారు

కెమెరా_కళింగపట్నం

పెళ్ళి ఫోటోలు తీసుకుని బతుకుతున్నవాణ్ని. మొన్న గురువారం కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర ప్రీవెడ్డింగ్ షూటు. పొద్దున్న ఆరుకి రమ్మంటే పెళ్ళికూతురి మేకప్ అయి బీచ్‌కి దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది. మే నెల ఎండ, ఇసక మీద కాలు పెట్టలేం. పెళ్ళికొడుకు షేర్వాణీలో ఉడికిపోతున్నాడు. వచ్చింది వచ్చాం కదా అని సముద్రం వైపు తిరిగి తీస్తున్నా. కెమెరాలో టైము 10.06.

అప్పుడు చూశా. సముద్రం మీద, కాస్త ఎత్తున, అడ్డంగా రంగుల పట్టీ. పైన ఎరుపు, కిందికొచ్చేసరికి నీలం, ఊదా. వంపు లేదు. పట్టుచీర అంచు ఊడదీసి ఆకాశానికి కుట్టినట్టు సాపుగా ఉంది. సూర్యుడు కూడా అటువైపే, బాగా పైన. నల్లమబ్బు లేదు, వాన లేదు. దూది ఏకినట్టు పల్చటి మబ్బు మాత్రం ఉంది. ఏడెనిమిది నిమిషాలుండి కరిగిపోయింది. పదకొండు ఫోటోలు పడ్డాయి.

ఇప్పుడు గొడవ. ఆల్బమ్ ప్రూఫ్ పంపితే పెళ్ళికొడుకు తండ్రి ఫోన్ చేసి “గ్రాఫిక్స్ వద్దని ముందే చెప్పాం కదయ్యా, ఇంద్రధనస్సు ఎక్కడైనా తిన్నగా ఉంటాదా?” అన్నారు. బ్యాలెన్సు పన్నెండు వేలు ఆపేశారు. వాళ్ళ బావమరిది ఇంజినీరట, ఆయన ఇంకో మాట వేశాడు: “సూర్యుడున్న వైపు రెయిన్‌బో రాదు, ఏడో క్లాసు పిల్లాడికి తెలుసు.” నాకు నోట మాట లేదు. ఆయనన్నది నిజమే కదా మరి. అయితే నేను తీసిందేటి?

రాజాం_రైస్‌మిల్లు

సగం పైన అడ్వాన్సు పడకుండా కెమెరా బ్యాగు జిప్పు తియ్యకూడదు తమ్ముడూ. ఇది వెలుగు సమస్య కాదు, వ్యాపార సమస్య.

పార్వతీపురం_పిల్ల

అదంతా తర్వాత. ఫోటో పెట్టండి ముందు.

కెమెరా_కళింగపట్నం

క్లయింట్ల మొహాలు ఉన్నాయి, పూర్తిది పెట్టలేను. వాళ్ళని కోసేసి ఆకాశం ముక్క పెట్టా, చూడండి.

సెల్‌టవర్_సాంబ

5జీ వచ్చాక ఇలాంటివి ఎక్కువయ్యాయి. ఆలోచించండి.

రాజాం_రైస్‌మిల్లు

మా మిల్లు గోడకి ఆనుకునే టవరుంది. రంగుల మాట దేవుడెరుగు, సిగ్నలే రాదు.

ఇజీనగరం_గోగునార

మరోలా అనుకోకండి గానీ, ఆ ముక్క చూస్తే నాకూ అనుమానంగానే ఉంది. ఇంత తిన్నగా, ఇంత ముదురుగా ఎలా ఉంటుంది? నేనూ ఫ్లెక్సీ డిజైన్లు చేస్తాను, ఇలాంటి పట్టీ లాగడానికి నాకు అరనిమిషం చాలు.

బందరువానిపేట_వల

గేఫిక్సు కాదు బావూ. మేమూ సూసినాం. వేట బందు కదా, జూన్ 14 దాకా బోట్లు దించకూడదు, ఒడ్డున కూకుని వలలు బాగుసేసుకుంతన్నాం. మా గుంటడు “ఓలమ్మో అటు సూడండి” అని అరిసినాడు. సెయ్యి సాపి, సముద్రం గీత కాణ్ణించి జాన పెడితే జానకి రవ్వంత తక్కువ ఎత్తులో ఉన్నాది. మా ముసలోడు మబ్బు ఎత్తు ఎప్పుడూ అలగే కొలుస్తాడు. తిన్నగానే ఉన్నాది. విల్లు నాగ లేదు.

కెమెరా_కళింగపట్నం

అన్నా నీకు దండం. ఎన్ని గంటలకి?

బందరువానిపేట_వల

గడియారం ఎవుడు సూసినాడు. గంజి తాగొచ్చి కూకున్నాక. పదయి ఉంటాది.

లంబకోణం

ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను, విజయనగరంలో ఉంటాను. ముందు ఆ ఇంజినీరు బావమరిదికి న్యాయం చేద్దాం. ఆయన చెప్పింది ఇంద్రధనస్సు వరకు సరైన మాటే.

సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. మీ తల నీడ పడే చోటు ఉంది చూశారూ, విల్లుకి కేంద్రం అక్కడ. అక్కణ్ణుంచి సుమారు 42 డిగ్రీల దూరంలో ఎర్ర అంచు వస్తుంది. వెలుగు వాన చుక్కలోకి దూరి, వెనక గోడకి ఒకసారి తగిలి తిరిగొస్తుంది. అలా తిరిగొచ్చే కిరణాలు అన్నిటికన్నా దట్టంగా పోగయ్యే కోణం అది. 1637లో డెకార్ట్ ఒక్కో కిరణం దారీ లెక్కగట్టి ఈ కోణం తేల్చాడు. రంగులు ఎందుకు విడిపోతాయో చెప్పడానికి న్యూటన్ రావలసి వచ్చింది.

దీన్నిబట్టి ఒక సంగతి. సూర్యుడు 42 డిగ్రీలు దాటి పైకెక్కాడంటే నేల మీద నిలబడ్డవాడికి విల్లు మొత్తం నేల కిందికి దిగిపోతుంది. మే నెలలో పది గంటలకి మన దగ్గర సూర్యుడు అరవై దాటి ఉంటాడు. కాబట్టి ఆ వేళ తూర్పునే కాదు, ఏ దిక్కునా ఇంద్రధనస్సు రాదు. మీరు తీసింది ఇంద్రధనస్సు కాదు.

గ్రాఫిక్సూ కాదు. మనవరాలికి అన్నం పెట్టే వేళైంది, మిగతాది వచ్చి చెప్తాను.

కెమెరా_కళింగపట్నం

మాస్టారూ, సీరియల్ వాళ్ళు కూడా ఇక్కడ ఆపరు.

గజపతినగరం_జొన్నచేను

మాస్టారు వచ్చేలోగా నాదొకటి. మొక్కజొన్నకి మందు కొట్టేటప్పుడు పొద్దున్నే ఎండ వెనకనుంచి పడితే, పవర్ స్ప్రేయరు తుంపర్లో నాకు గుండ్రంగా పూర్తి చక్రం కనిపిస్తాది. సగం విల్లు కాదు, మొత్తం చక్రం. నడిమధ్యన నా బుర్ర నీడ, తలపాగాతో సహా. మా ఆవిడకి చూపిద్దామని పక్కన నిలబెడితే తన బుర్ర చుట్టూ ఉందంటాది, నాది నా బుర్ర చుట్టూ ఉంది. అరగంట కొట్లాడుకున్నాం, ట్యాంకులో మందు అలాగే ఉండిపోయింది.

పార్వతీపురం_పిల్ల

ఇద్దరిదీ కరెక్టే. ఎవరి కంటికి వాళ్ళ విల్లు. ఒకే చుక్క ఆయన కంటికి ఎరుపు పంపిస్తుంటే అక్క కంటికి అసలేమీ పంపకపోవచ్చు. చక్రం పూర్తిగా ఎందుకంటే తుంపర కాళ్ళ దాకా ఉంది, చూపుకి నేల అడ్డం రాలేదు. మామూలు ఇంద్రధనస్సూ చక్రమే, కింద సగం నేల తినేస్తుంది.

గజపతినగరం_జొన్నచేను

ఈ ముక్క మా ఆవిడకి చదివి వినిపించా. “నాదే కరెక్టని నేనప్పుడే చెప్పాను” అంది.

షార్జా_సోంపేట

చక్రం అంటే గుర్తొచ్చింది. సెలవుకి వచ్చేటప్పుడు కిటికీ సీటు దొరికింది. కింద తెల్లమబ్బు మీద మా విమానం నీడ, దాని చుట్టూ చిన్న చిన్న రంగు వలయాలు, దేవుడి పటం వెనక ఉంటాయే అలాగ. నేను రెక్క దాటి బాగా వెనక కూర్చున్నా, వలయం కూడా నీడలో తోక దగ్గరే ఉంది. పక్క సీటాయన కాశీబుగ్గ, “మంచి శకునం, ఈసారి వీసా రెన్యువల్ అయిపోద్ది” అన్నాడు. అవలేదు.

లంబకోణం

వచ్చాను. సోంపేట బాబూ, నువ్వు చూసినదాన్ని గ్లోరీ అంటారు. కేంద్రం నీ సీటు నీడే, అందుకే తోక దగ్గర కనిపించింది. వాన చుక్కల కన్నా చాలా సన్నటి మబ్బు బిందువులు వెలుగుని వచ్చిన దారినే వెనక్కి పంపితే వస్తుంది. గీతలు గీసి చెప్పే కిరణాల లెక్కకి ఇది లొంగదు, వెలుగుని తరంగంగా చూడాలి.

ఇక కెమెరా బాబు సంగతి. మీరు తీసింది వాన చుక్కల పని కాదు, మంచు పలుకుల పని. పల్చటి ఈకల మబ్బుల్లో ఆరు పలకల మంచు బిళ్ళలు ఉంటాయి. అవి పడేటప్పుడు, గాలి నెమ్మదిగా ఉంటే, విస్తరాకు గాల్లో దిగినట్టు బల్లపరుపుగా దిగుతాయి. సూర్యుడి వెలుగు బిళ్ళ పక్కగోడలోంచి దూరి అడుగు పలకలోంచి బయటికొస్తుంది. పక్కగోడకీ అడుగుకీ మధ్య 90 డిగ్రీలు. అంటే లక్షల కొద్దీ చిన్న పట్టకాలు ఒకే తీరున పేర్చినట్టే. సూర్యుడికి 46 డిగ్రీల కిందన, దిక్చక్రానికి, అంటే నేలా ఆకాశం కలిసే గీతకి, సమాంతరంగా, ఎరుపు పైకి ఉండేలా పట్టీ పరుచుకుంటుంది. నెట్లో ఫైర్ రెయిన్‌బో అని తిప్పుతుంటారు. నిప్పూ లేదు, వానా లేదు, పేరు పెట్టినవాడికి మాత్రం లైకులొచ్చాయి.

రాజాం_రైస్‌మిల్లు

బోల్టుకి వేసే నట్టులా అన్నమాట, మధ్యలో చిల్లు లేకుండా?

లంబకోణం

నట్టే. ఇన్నేళ్ళ సర్వీసులో ఈ పోలిక నాకు తట్టలేదు. బాగా పల్చటి నట్టు అనుకోండి.

ఇజీనగరం_గోగునార

మాస్టారూ, ఇక్కడ నలభై డిగ్రీల ఎండలో రోడ్డు మీద తారు కరుగుతోంది. మంచు ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

పార్వతీపురం_పిల్ల

పది కిలోమీటర్ల ఎత్తులో మే నెల ఉండదండీ. అక్కడ సున్నాకి కింద ముప్పై డిగ్రీల పైనే చలి, ఏ నెలైనా. పైగా కళింగపట్నం నెత్తి మీది మబ్బు కాదది. జానెడు ఎత్తున కనిపించింది అంటే ఒడ్డునుంచి ముప్పై కిలోమీటర్ల దూరంలో, సముద్రం లోపలెక్కడో ఉంది.

నాగావళి_గట్టు

మాస్టారి మీద గౌరవం ఉంది గానీ నేను ఒప్పుకోను. ఇది మబ్బు మెరుపు, ఇరిడిసెన్స్ అంటారు. నాకు ఇలాంటి ఫోటోలు ఇరవై ఉన్నాయి, వర్షాకాలం ముందు పెద్ద మబ్బు నెత్తిన టోపీలాగా పల్చటి మబ్బు వస్తుంది, దాని మీద గులాబీ, పచ్చ రంగులు అలుముకుంటాయి. రోడ్డు మీద పెట్రోలు ఒలికితే కనిపించే రంగుల్లాగే ఉంటాయి. మంచు బిళ్ళలు, నట్లు, ఇంత కథ అక్కర్లేదు.

లంబకోణం

మీ ఇరవై ఫోటోలు ఇరిడిసెన్సే అయి ఉంటాయి, నాకు సందేహం లేదు. కానీ ఒక్కసారి రంగుల వరస చూడండి. మీ మబ్బు మీద గులాబీ, పచ్చ, మళ్ళీ గులాబీ, ఎక్కడపడితే అక్కడ, ఎక్కువగా సూర్యుడికి దగ్గర్లోనే. సన్నటి బిందువుల అంచుల్లో వెలుగు వంగి, ఒకదానితో ఒకటి కలిసి వచ్చే రంగులవి, అందుకే మబ్బు పల్చన చిక్కనలను బట్టి మారిపోతుంటాయి. పెట్రోలు పొరలో వెలుగు పైనుంచి ఒకటి, కిందినుంచి ఒకటి తిరిగొచ్చి కలుస్తాయి, అది వేరే దారి, కానీ చూపుకి దగ్గరగానే ఉంటుంది. ఇక్కడ ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా వరస తప్పలేదు. సూర్యుడికి బాగా దూరంగా కూడా ఉంది.

నాగావళి_గట్టు

దూరం అని మీరంటున్నారు. కొలిచిందెవరు? వలాయన జానతోనా?

బందరువానిపేట_వల

మా జాన మీ టేపుకి తీసిపోదు బావూ. దాన్ని నమ్ముకునే సీకట్లో ఒడ్డుకొస్తాం.

లంబకోణం

జానని తీసిపారెయ్యకండి. చెయ్యి బారుగా చాపితే బొటనవేలి కొన నుంచి చిటికెనవేలి కొన దాకా సుమారు 20 డిగ్రీలు. పొడుగాటివాడికి చెయ్యీ పొడుగే, జానా పెద్దదే, కాబట్టి మనిషి మారినా లెక్క పెద్దగా మారదు. జానకి రవ్వంత తక్కువంటే 18, 19. దానికి 46 కలిపితే సూర్యుడు 65 దగ్గర ఉండాలి. ఉన్నాడో లేడో తేలిస్తే గొడవ తెగిపోతుంది. కెమెరా బాబూ, ఫోటోలో పెళ్ళికొడుకు నీడ పడిందా?

కెమెరా_కళింగపట్నం

పడింది. కానీ సూర్యుడు ఎదురుగా కదా, నీడ నా వైపుకే వచ్చింది. 24 ఎంఎం లెన్సు, కిందినుంచి తీశాను, నీడ సాగిపోయి కనిపిస్తోంది. దాంతో కొలిస్తే తప్పొస్తుంది.

ఇజీనగరం_గోగునార

మేకింగ్ వీడియో ఉందా? ఇప్పుడందరూ అది కూడా అడుగుతున్నారు కదా. పక్కనుంచి తీసింది ఏదైనా దొరికితే చాలు.

కెమెరా_కళింగపట్నం

ఉంది!!! మా అసిస్టెంటు కుర్రాడు పక్కనుంచి తీస్తూనే ఉన్నాడు. ఇంటికెళ్ళి చూస్తా.

సెల్‌టవర్_సాంబ

ఇంతకీ ఎవరూ టవరు సంగతి మాట్లాడట్లేదు.

కెమెరా_కళింగపట్నం

10.05కి ఒక ఫ్రేము దొరికింది. పెళ్ళికొడుకు నిటారుగా నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు, నేల తడి ఇసక, సమంగా ఉంది. స్క్రీను మీద స్కేలు పెట్టా. మనిషి 13.6 సెంటీమీటర్లు, నీడ 6.4. తర్వాత ఏం చెయ్యాలో తెలీక మా అమ్మాయిని పిలిచా, పదో తరగతి. 13.6 బై 6.4 చేసి, ట్యాన్ ఏదో చూసి “65 డిగ్రీలు నాన్నా” అంది.

పార్వతీపురం_పిల్ల

ఒళ్ళు జలదరించింది నాకు.

నాగావళి_గట్టు

సరే. 65 వచ్చింది, ఒప్పుకున్నా. నా ఇరవై ఫోటోలు మాత్రం ఇరిడిసెన్సే.

లంబకోణం

అవేనయ్యా, ఎవరు కాదన్నారు. మీ అమ్మాయికి నా ఆశీస్సులు కెమెరా బాబూ.

మరొక్కటి. ఈ పట్టీ రావాలంటే సూర్యుడు 58 డిగ్రీలకి పైన ఉండి తీరాలి. అంతకు తక్కువైతే బిళ్ళలోకి దూరిన వెలుగు అడుగు పలక దాటలేక లోపలికే తిరిగిపోతుంది. అందుకే 55 డిగ్రీల అక్షాంశం దాటి ఉత్తరాన ఉన్నవాళ్ళకి నేల మీదినుంచి ఇది కనిపించే యోగం లేదు. మనం 18 దగ్గర ఉన్నాం. ఫిబ్రవరి రెండో వారం నుంచి అక్టోబరు ఆఖరు దాకా రోజూ మధ్యాహ్నం చుట్టుపక్కల సూర్యుడు ఆ ఎత్తు దాటుతాడు. మబ్బు కుదరాలి, మనం తల ఎత్తాలి. ఆ వేళకి తల ఎత్తేవాడెవడు, అందరం గొడుగు కిందో ఫ్యాను కిందో.

ఆప్టిక్స్_పిచ్చి

మాస్టారు గారూ, పైన మీరు ఇంద్రధనస్సు సూర్యుడికి ఎదురుదిక్కునే అన్నట్టు రాశారు. చిన్న సవరణ. చుక్కలో ఒకసారి తగిలి వచ్చేది 42 దగ్గర, రెండుసార్లు తగిలితే రెండో విల్లు 51 దగ్గర, రంగులు తిరగబడి. అవి రెండూ ఎదురుదిక్కునే. మూడుసార్లు తగిలి వచ్చే మూడో విల్లు మాత్రం సూర్యుడున్న వైపే, సూర్యుడి చుట్టూ సుమారు 40 డిగ్రీల దూరంలో వస్తుంది. మరీ పల్చన, సూర్యుడి వెలుగులో కొట్టుకుపోతుంది. దాని ఫోటో మొదటిసారి దొరికింది 2011లో, జర్మనీలో. కాబట్టి బావమరిది గారి ఏడో క్లాసు మాట ఇంద్రధనస్సుకి కూడా పూర్తిగా చెల్లదు.

లంబకోణం

నిజమే, ఒప్పుకున్నాను. నేను రిటైరయ్యాక వచ్చిన ఫోటో అది, కానీ అది సాకు కాదు.

రాజాం_రైస్‌మిల్లు

మాస్టారు ఒప్పుకోవడం ఈ వేదిక మీద మొదటిసారి. దీనికి ఫోటో తియ్యండి.

కెమెరా_కళింగపట్నం

ఒకటి చెప్పడం మర్చిపోయా. లెన్సు మీద పోలరైజర్ ఫిల్టరు ఉంది. సముద్రం తళతళ తగ్గించడానికి తిప్పుతూనే ఉన్నా. మామూలు ఇంద్రధనస్సు మీద అది తిప్పితే ఒక చోట రంగులు ఆరిపోతాయి, మళ్ళీ తిప్పితే వెలుగుతాయి, ఇది ప్రతి వర్షాకాలం చూస్తాను. ఆ రోజు ఎటు తిప్పినా పట్టీ అలాగే ఉంది. ఫిల్టరు పాడయిందేమో అనుకున్నా.

ఆప్టిక్స్_పిచ్చి

అన్నా, ఈ ముక్క మొదటి పోస్టులోనే రాసి ఉంటే సగం చర్చ తగ్గేది. వాన విల్లు వెలుగు చుక్క లోపల దాదాపు ఒకే తీరున కంపించేలా వడకట్టి వస్తుంది, అందుకే ఫిల్టరు దాన్ని పట్టేసుకుంటుంది. మంచు బిళ్ళలోంచి వచ్చేది వంగి బయటపడటమే, లోపల గోడకి తగిలి తిరగటం లేదు. అందులో ఆ వడకట్టడం బాగా తక్కువ.

ఇజీనగరం_గోగునార

నా అనుమానం వెనక్కి తీసుకుంటున్నా. ఫ్లెక్సీ డిజైనర్లకి పోలరైజర్ సంగతి తట్టదు. నాకైతే తట్టేది కాదు.

ఉద్దానం_కొబ్బరాకు

మబ్బుల్లో మంచు అంటున్నారు కదా, చంద్రుడి చుట్టూ గుడి కడితే వానొస్తుందని మా నాన్న అనేవాడు. అదీ ఇదేనా? “దగ్గర గుడి దూరం వాన, దూరం గుడి దగ్గర వాన” అని.

గజపతినగరం_జొన్నచేను

మా ఊళ్ళో దీన్ని తిరగేసి చెప్తారు.

ఉద్దానం_కొబ్బరాకు

అందుకే మీ ఊళ్ళో వాన తప్పుతోంది.

లంబకోణం

ఉద్దానం వారిదే నేను విన్న మాట. ఇందులో రెండు వేరువేరు సంగతులు ఇరుక్కున్నాయి. దగ్గర గుడి అంటే చంద్రుణ్ణి అంటుకుని ఉండే చిన్న వెలుగు పళ్ళెం. అది మబ్బులోని నీటి బిందువుల పని, ఇందాక నాగావళి వారు చెప్పిన ఇరిడిసెన్సుకి అక్క చెల్లెలు. దూరం గుడి పెద్ద వలయం, చంద్రుడి నుంచి 22 డిగ్రీలు, అంటే వలాయన జానకి ఇంచుమించు. అది మంచు పలుకుల పని. ఈసారి బల్లపరుపుగా కాదు, ఎటుపడితే అటు తిరిగి ఉన్న పలుకులు, వెలుగు ఒక పక్కగోడలోంచి దూరి ఒకటి వదిలి ఆవలి గోడలోంచి వస్తుంది, ఆ రెంటి మధ్య 60 డిగ్రీలు. ఇలాంటి పల్చటి పైమబ్బు తరచు పెద్ద వాతావరణ మార్పుకి ముందు వచ్చేదే. తుపాను వచ్చేముందు కూడా దాని నెత్తిన లేచిన మంచు మబ్బు వందల కిలోమీటర్ల ముందుకి పరుచుకుంటుంది. అంచేత దూరం గుడికి వాన దగ్గర పడటంలో అర్థం ఉంది. అయితే గుడి కట్టిన ప్రతిసారీ వాన రాదు. ఆ మబ్బు ఉత్తినే వచ్చి పోయే రోజులే ఎక్కువ.

ఉద్దానం_కొబ్బరాకు

2018లో తిత్లీ తుపానుకి ముందు గుడి కట్టిందో లేదో గుర్తు లేదు మాస్టారూ. తర్వాత మాత్రం చూడ్డానికి కొబ్బరిచెట్టే లేదు, ఆకాశం మొత్తం కనిపించింది.

బందరువానిపేట_వల

ఆ రోజులు గుర్తుసెయ్యకు బావా.

షార్జా_సోంపేట

ఇదివరకు వాళ్ళకి ఇవన్నీ తెలియవా అసలు?

లంబకోణం

చూడటం బాగా చూశారు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో పరివేషానికి, అంటే మనం చెప్పుకున్న గుడికి, ఒక అధ్యాయం, ఇంద్రధనస్సుకి ఒకటి విడిగా రాశాడు. సూర్యకిరణాలే మబ్బు పట్టిన ఆకాశంలో గాలికి చెదిరి రంగుల విల్లుగా కనిపిస్తాయని మొదలుపెడతాడు. గాలి సంగతి సరి కాదు గానీ, రంగులు సూర్యుడి వెలుగులోవే అన్నాడు చూడండి. ఆ తర్వాత ఏ దిక్కున వస్తే రాజుకి ఏమవుతుందో మొదలవుతుంది, అక్కడ నేను పుస్తకం మూసేస్తాను.

అరసవల్లి_భక్తుడు

శ్రీకాకుళం జిల్లాలో సూర్యుడు వింతలు చెయ్యడం కొత్తా? మార్చిలో, అక్టోబరులో స్వామి పాదాల మీద కిరణాలు పడటం అందరం చూస్తున్నాం. అది కూడా అద్దంలో లెక్కలే అంటారా?

లంబకోణం

అద్దం లేదండీ, అందులో నాకు భక్తి కూడా ఉంది. ఏడాదిలో సూర్యుడు ఉదయించే చోటు ఉత్తరానికి, దక్షిణానికి జరుగుతూ ఒకే బిందువు మీదుగా రెండుసార్లు వెళ్తాడు. ఆ రెండు తడవల్లోనే కిరణం గాలిగోపురం దాటి గర్భగుడి దాకా వచ్చేలా కట్టినవాడి చూపుకి చేతులెత్తి మొక్కాలి.

ఆమదాలవలస_లోకో

రైలు నడిపేవాణ్ని. ఒక సాయంత్రం మందస రోడ్ దగ్గర సిగ్నల్ కోసం ఆగాను. తూర్పున వాన, వెనక పడమట నిండు చెరువు. రెండు విల్లులు ఒకే మొదట్లోంచి లేచాయి. ఒకటి మామూలుగా వంగింది, ఇంకోటి తిన్నగా నిక్కి పైకి వెళ్ళింది, కొమ్మ చీలినట్టు. జంట ఇంద్రధనస్సులు చాలా చూశాను, అవి ఒకదాని చుట్టూ ఒకటి ఉంటాయి, ఇలా మొదట్లో కలవవు. మా ఏఎల్‌పీ (అసిస్టెంట్ లోకో పైలట్) కుర్రాడికి చూపిస్తే “సార్ సిగ్నల్ పడింది” అన్నాడు.

లంబకోణం

ఎంత అదృష్టమయ్యా. అది చెరువు పని. నీళ్ళలో పడిన సూర్యుడి ప్రతిబింబం కిందినుంచి ఇంకో సూర్యుడిలా వాన మీదికి వెలుగు కొట్టింది. అసలు సూర్యుడు దిక్చక్రానికి ఎంత పైన ఉంటే ఈ రెండోవాడు అంత కింద ఉన్నట్టు. అందుకే రెండో విల్లు కేంద్రం నేలకి పైన ఉంటుంది, విల్లు పొడుగ్గా లేస్తుంది. రెండూ దిక్చక్రం దగ్గరే కలుస్తాయి. గాలి లేక చెరువు అద్దంలా ఉన్న రోజే దొరుకుతుంది.

ఆమదాలవలస_లోకో

ఫోటో తియ్యలేదు. డ్యూటీలో సెల్లు ముట్టకూడదు. ఇన్నాళ్ళూ ఎవరూ నమ్మలేదు.

కెమెరా_కళింగపట్నం

ఇంకో రెండు రోజుల్లో వాళ్ళింటికి వెళ్తున్నా. ఒరిజినల్ ఫైళ్ళు, మేకింగ్ వీడియో, నీడ లెక్క, వలన్న చెప్పిన జాన, అన్నీ ప్రింటు తీశా. వాళ్ళకి ఒక్క ముక్కలో అర్థమయ్యేలా ఏం చెప్పమంటారు?

పార్వతీపురం_పిల్ల

పెద్దాయన్ని పొద్దున్న పదిన్నరకి పెరట్లో నిలబెట్టండి. ఆయన నీడ ఆయనకంటే పొట్టిగా ఉంటే ఆ వేళకి ఇంద్రధనస్సు రానే రాదు. అంటే మీరు ఇంద్రధనస్సు గ్రాఫిక్స్ చేసి ఉంటే అది తప్పు గ్రాఫిక్స్ అయ్యేది. మీది తప్పులేదు.

రాజాం_రైస్‌మిల్లు

ఆ ఎండలో నిలబెడితే బ్యాలెన్సు మాట అటుంచి అడ్వాన్సు కూడా వెనక్కి అడుగుతాడు.

కెమెరా_కళింగపట్నం

వెళ్ళొచ్చా. పెరట్లో నిలబెట్టే పని పడలేదు. కాగితాలు తియ్యకముందే వాళ్ళ నాయనమ్మ ఫోటో చేతిలోకి తీసుకుని “ఇది మేం కోడూరు దగ్గర నాట్లప్పుడు సూసినాం, నడిమజ్జానం” అంది. ఇంజినీరు గారు నీడ లెక్క రెండుసార్లు తిరిగి చేశారు, తర్వాత పోలరైజర్ ఎక్కడ కొన్నావని అడిగారు. పన్నెండు వేలూ ఇచ్చేశారు.

అయితే పెళ్ళిరోజు పెట్టే ఫ్లెక్సీకి ఆ ఫోటోనే కావాలట. పెద్దాయన గేటు దాకా వచ్చి, భుజం మీద చెయ్యేసి, నెమ్మదిగా అడిగారు: “బాబూ, ఆ రంగులు ఇంకాస్త ముదురు చేసి, కొంచెం వంపు తిప్పితే బాగుంటాదేమో, సూడు.”

ఇజీనగరం_గోగునార

ఆ పని నాకు పంపు తమ్ముడూ. అరనిమిషం.